ఇద్దరన్నదమ్ములకు ఒకే సంఖ్య

మీరావలి వాయించడం ఆపి అప్పటికి నిమిషం దాటింది. కూతురు మాత్రం ఇంకా వింటూనే ఉంది.

మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, మోకాలి మీద ఆదితాళం వేస్తోంది సైదాబీ. ముసలాయన నాదస్వరాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆయాసం తీర్చుకుంటూ ఆ చేతివంకే చూశాడు. మొదట వేళాకోళమనుకున్నాడు. కానీ దెబ్బలు, వేళ్ల లెక్క, విసుర్లు ఎక్కడా తప్పడం లేదు. ఆ చెయ్యి అనుపల్లవి దాటి చిట్టస్వరంలోకి వెళ్లింది. అక్కడ తల కూడా ఊపింది. చరణం దాకా వెళ్లి, మళ్లీ పల్లవి అందుకుని, కృతి ముగిసే చోట సరిగ్గా ఆగింది. అప్పుడు కళ్లు తెరిచింది.

"బాగుంది నాయనా. చిట్టస్వరం ఇయ్యాల ఇంకా బాగా పలికింది," అంది.

"నేను అనుపల్లవి కాడే ఆపేశా," అన్నాడు మీరావలి. "ఇందాకట్నించి నువ్వు ఇనేది ఎవరిదే?"

మూడేళ్లుగా సైదాబీ ఏ ప్రశ్న రాకూడదని రోజూ పొద్దున్నే మనసులో మొక్కుకుంటోందో ఆ ప్రశ్న వచ్చేసింది. అబద్ధం చెబుదామని నోరు తెరిచింది. ఆయన కళ్లు చూసింది.

"బాబాయిది," అంది.

మీరావలి నాదస్వరాన్ని గుడ్డలో చుట్టి, దిండు పక్కన పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు.

*

అసలు సంగతి చెప్పాలంటే గుంటూరులోని నాదనిధి కేంద్రం గురించి చెప్పాలి. మనుషులకు ఆధార్ ఉన్నట్టు అక్కడ పాటలకు సంఖ్యలుంటాయి. ప్రతి కృతికీ ఒక సంఖ్య. ఆ కృతిని ఫలానావారు ఫలానా రోజున పాడితే, వాయిస్తే, ఆ రికార్డుకు మరో సంఖ్య. మొదటిది కృతి సంఖ్య, రెండోది ధ్వని సంఖ్య. రాగాలాపనలకు, తానాలకు, ఆఖరికి మంగళానికి కూడా సంఖ్యలిచ్చి పెట్టారు. ఇచ్చినవాళ్లలో సైదాబీ ఒకతి. పదహారేళ్లుగా ఆమె అక్కడ సూచీకర్త. నాదస్వర విద్వాంసుల ఇంట పుట్టింది కాబట్టి నాలుగు స్వరాలు చెవినపడితే చాలు, కృతి పేరు చెప్పేది.

ఆ చెవులే ముప్పైనాలుగో ఏట పోయాయి. మెదడువాపు జ్వరం తగ్గింది గాని వినికిడి తిరిగి రాలేదు. ఆపరేషన్ చేసి, లోపల తీగ పెట్టి, చెవి వెనక యంత్రం తగిలించారు. మాట తెలిసింది. సంగీతం మాత్రం తెలియలేదు. ఆ తీగకు మాటల వరకే శక్తి ఉంది, స్వరాలు దానికి అందవు. ఆమె బడలిన ముఖంతో ఆఫీసుకు వచ్చి, వినపడని పాటలకు కాగితాలు చూసి సంఖ్యలు వేస్తుంటే, కేంద్రం డైరెక్టర్ డాక్టర్ రుక్మాంగదరావు చూడలేకపోయాడు.

ఆయన కనిపెట్టిందే శ్రవణి. ఇది పాటను చెవికి మోసుకురాదు. బయట పాట మొదలవగానే పది క్షణాల్లో అది ఏ కృతో, ఏ వాద్యమో, ఏ పద్ధతో పోల్చుకుని, దానికి అతి దగ్గరి ధ్వని సంఖ్య పట్టుకుంటుంది. ఆ సంఖ్య గల రికార్డును నిధిలోంచి తీసి, బయట పాట ఆగినా తాను ఆగకుండా, చివరిదాకా నేరుగా నరంలోకి వదులుతుంది. ఒక్కో రికార్డును నరానికి అర్థమయ్యే భాషలోకి మార్చడానికి కేంద్రంలోని పెద్ద కంప్యూటర్లకు నాలుగు నెలలు పడుతుంది. అలా మార్చినవి రెండు లక్షల పైచిలుకు ఉన్నాయి. పదకొండు వేలమంది చెవిటివాళ్లు ఇవాళ సంగీతం వింటున్నారంటే ఆ సంఖ్యల చలవే. మొట్టమొదట పెట్టుకున్నది సైదాబీ.

పెట్టుకున్న రోజు ఇంటికి పరుగున వచ్చింది. "వాయించు నాయనా" అంది. అప్పటికే ఆయన ఊపిరితిత్తులు బిరుసెక్కి కచేరీలు మానేశాడు. అయినా నాదస్వరం తీసి, కోవెల మేలుకొలుపు సేవలో నలభై ఏళ్లు వాయించిన బిలహరి కృతి ఎత్తుకున్నాడు. సైదాబీ బావురుమంది. ఏడుస్తూనే ఫోను చూసుకుంది. ఏ రికార్డు వింటున్నదీ అందులో కనపడుతుంది. 213406. ఎదురుగా కూర్చుని బుగ్గలు పొంగించి వాయిస్తున్నది తండ్రి. చెవిలో మోగుతున్నది చచ్చిపోయిన లాల్‌సాహెబ్ బాబాయి.

ఆ 213406 ఎలా వచ్చిందో ఆమెకన్నా బాగా ఎవరికీ తెలియదు.

మీరావలి, లాల్‌సాహెబ్ జోడుగా వాయించేవారు. వాళ్ల తండ్రి ఇద్దరినీ చెరో గదిలో కూర్చోబెట్టి, తాను మధ్య వసారాలో పడుకుని, ఒకరి తర్వాత ఒకరిని వాయించమనేవాడు. ఏది ఎవరిదో ఆయన గుర్తుపడితే ఆ పూట ఇద్దరికీ అన్నం లేదు. అలా పదేళ్లు నేర్పాడు. పెద్దయ్యాక ఆ అన్నదమ్ములు వాయిస్తుంటే ఒకే మనిషి రెండు నోళ్లతో వాయిస్తున్నట్టుందని ఊళ్లు చెప్పుకున్నాయి. ఆ ఇంటికి అంతకుమించిన గొప్ప లేదు.

తర్వాత లాల్‌సాహెబ్ వేరే జోడు కట్టుకున్నాడు. ఎందుకన్నది ఇద్దరూ చెప్పలేదు. పంతొమ్మిదేళ్లు మాటల్లేవు. తమ్ముడు పోతే మట్టికి కూడా వెళ్లలేదు మీరావలి. "జోడు ఇడిచినోడు నాకేమవుతాడు?" అన్నాడు.

బాబాయి పోయిన మరుసటేడు రేడియో వాళ్ల పాత టేపులు కేంద్రానికి వచ్చాయి. అందులో అన్నదమ్ములు విడివిడిగా వాయించిన బిలహరి టేపులు రెండున్నాయి. కంప్యూటర్ రెంటినీ విని తేడా లేదంది. ఒకే ధ్వని రెండుసార్లు నమోదైంది, ఒకటి ఉంచి రెండోది తీసేయమంది. మరొకరైతే పేర్లు చూసి ఆగేవారు. సైదాబీకి గర్వంతో ఒళ్లు పొంగింది. తాత గుర్తుపట్టలేనిది యంత్రమూ గుర్తుపట్టలేకపోయింది. ఇంటి విద్య అంటే అదీ అనుకుంది. రెంటిలో ఏది ఉంచాలి? తండ్రిది ఉంచితే సొంతవాళ్లకు చేసుకుందంటారు. పైగా బాబాయి లేడు, ఆయనది పోతే మళ్లీ రాదు. నాయన ఉన్నాడుగా, ఎప్పుడంటే అప్పుడు వాయిస్తాడు. తండ్రిది నకలని రాసి సంతకం చేసింది. నకలు టేపును నెల తిరక్కుండా నాశనం చెయ్యాలన్న నియమం ఉంది. చేశారు. ఆ తర్వాత మీరావలికి రికార్డంటూ ఈ భూమ్మీద లేదు.

*

మూడోరోజు పొద్దున మీరావలి గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. కూతురు అంతా చెప్పింది. నకలని రాసింది తనేనని కూడా చెప్పింది. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"డాక్టరు నాకింక నెలే అన్నాడు గదా?" అన్నాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"నీ మొహం చెప్పింది. ఇను. నేను పొయ్యేలోపు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నువ్వు నన్ను ఇనాల. వాణ్ణి కాదు. నన్ను."

ఆ మాట పట్టుకుని సైదాబీ రుక్మాంగదరావు గదిలోకి వెళ్లింది. ఆయన మంచివాడు. స్టూడియో ఇచ్చాడు, కంప్యూటర్ల వరుసలో అందరికంటే ముందు పెడతానన్నాడు. "కానీ నాలుగు నెలలమ్మా. దాన్ని నేను తగ్గించలేను," అన్నాడు. ముందు రికార్డయితే కానీ, తర్వాత సంగతి దేవుడెరుగు అనుకుంది ఆమె.

ఆక్సిజన్ సిలిండరుతో సహా తండ్రిని ఆటోలో ఎక్కించి తీసుకెళ్లింది. మీరావలి తెల్లచొక్కా వేసుకుని, అత్తరు రాసుకుని, పెళ్లికి వెళ్తున్నట్టు వచ్చాడు. ముక్కుకున్న గొట్టం తీసి పక్కన పెట్టి వాయించాడు. పల్లవి నడిచింది. అనుపల్లవి రెండో పాదం సగంలో ఊపిరి చాలక ఆగిపోయాడు. పావుగంట గొట్టం పెట్టుకుని మళ్లీ వాయించాడు. మళ్లీ అక్కడే. మూడోసారి అక్కడిదాకా కూడా రాలేదు.

పూర్తికాని కృతికి సంఖ్య ఇవ్వరు. సరే, వాయించినంత వరకైనా యంత్రం ఏమంటుందో చూద్దామని సైదాబీ దాన్ని కంప్యూటర్‌కు వినిపించింది. తెరమీద ఒక వాక్యం వచ్చింది. ఈ ధ్వని నిధిలో ఉన్నది, సంఖ్య 213406.

"ఏమంటంది?" అన్నాడు మీరావలి.

"నువ్వు బాబాయివంటోంది."

ఆయన తెరవంక చాలాసేపు చూశాడు. అక్షరాలు ఆయనకు రావు.

"నాయనా, కొంచెం మార్చి వాయించు. ఒక్క సంగతి. పల్లవి తిప్పేటప్పుడు ఆ రెండోది వేరేగా ఎత్తుకో. అది చాలు దీనికి," అని బతిమాలింది.

"తప్పు వాయించమంటావా?"

"తప్పే వాయించు. నా కోసం."

మీరావలి నాదస్వరం ఎత్తాడు. మారుద్దామనే ఎత్తాడు, ఆయన నుదుటి మీద ఆ ప్రయత్నం కనపడుతోంది. రెండో సంగతి దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆయన మాట వినలేదు. అరవై ఏళ్లు నడిచిన దారినే పోయాయి. ఇంకోసారి ప్రయత్నించాడు. ఈసారి వేళ్లు వణికాయి, నాదం చీలింది. అయినా చీలింది తండ్రి నేర్పిన చోటే. నాదస్వరం దించి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా నాయన శానా గట్టిగా కొట్టాడమ్మా. పోదు," అన్నాడు.

ఇంటికి వస్తున్నప్పుడు ఆటోలో ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. ఏం చెయ్యాలో ఆమెకు తెలిసిపోయింది. తెలిసినందుకు భయం వేసింది.

శ్రవణిని ఆపి మామూలుగా వినే మీట ఏదీ యంత్రంలో లేదు. మొదట్లో ఉండేది. అది పొరపాటున నొక్కుకుని, వచ్చిన శబ్దానికి పిల్లలు జడుసుకుంటున్నారని తీయించింది సైదాబీయే. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఏదైనా సంఖ్య విషయంలో తప్పు జరిగిందని అనుమానం వస్తే సూచీకర్త దాన్ని మూడు రోజులు సమీక్షలో పెట్టవచ్చు. సమీక్షలో ఉన్న కృతి జోలికి యంత్రం పోదు. బయటి శబ్దాన్ని వచ్చింది వచ్చినట్టే లోపలికి వదిలేస్తుంది. సైదాబీకి ఒక్కతికే కాదు, పదకొండు వేలమందికీ.

రుక్మాంగదరావును అడిగింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీ బాధ నాకు తెలుసు. కానీ ఆ బిలహరి ఎంతమంది రోజూ పొద్దున వింటారో లెక్క మీరే నాకు చూపించారు. వాళ్ల చెవిలో మూడు రోజులు గీకినట్టు మోత పోయమంటారా? అది మీరు ఒకప్పుడు విన్నారు. ఎలా ఉంటుందో మీకే తెలియాలి."

"తెలుసు సార్."

"మరి?"

"తప్పు జరిగిన మాట నిజం సార్. ఇద్దరు మనుషుల్ని ఒకటని రాశాను."

"అది సరిదిద్దడానికి రెండో మనిషి ధ్వని కావాలి. అది లేదు. వద్దమ్మా," అన్నాడు ఆయన మెల్లగా.

శుక్రవారం పది గంటలకు సైదాబీ తన గదిలో కూర్చుని, ఎవరికీ చెప్పకుండా, ఆ బిలహరి కృతి సంఖ్యను సమీక్షలో పెట్టింది. కారణం అన్న చోట 'ఇద్దరు విద్వాంసులు, ఒకే సంఖ్య' అని రాసింది. రాసింది అబద్ధం కాదు. చేసింది మాత్రం దొంగతనమే, ఆ సంగతి ఆమెకు తెలుసు.

మధ్యాహ్నానికే ఫిర్యాదులు మొదలయ్యాయి. పూజకు పాట పెట్టుకుంటే చెవిలో ఏదో చిరుగుతోందని తెనాలి నుంచి ఒక దర్జీ. పాప రెండు చెవులూ మూసుకుని ఏడుస్తోంది, యంత్రం పాడైందా అని బాపట్ల నుంచి ఒక తల్లి. ఆ తల్లి రాసింది రెండుసార్లు చదివింది సైదాబీ. సంఖ్యను వెనక్కి తీసుకునే మీట మీద వేలు పెట్టింది కూడా. నొక్కకుండానే వేలు తీసేసి ఇంటికి వెళ్లిపోయింది.

*

శనివారం పొద్దున మీరావలికి కాస్త తేలిగ్గా ఉంది. దిళ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టింది.

"ఇయ్యాల బాబాయి రాడు నాయనా," అంది. "నువ్వు వాయించేదే వస్తుంది. కానీ అది నువ్వనుకున్నట్టు ఉండదు."

"ఎట్టుంటే ఏం," అన్నాడాయన.

వాయించాడు. సైదాబీ ఈసారి కళ్లు మూసుకోలేదు. మొదటి స్వరానికే ఒళ్లు జలదరించింది. రేకు మీద మేకు పెట్టి గీకుతున్న మోత. బిలహరి ఎక్కడా లేదు. పైకి పోతోందో కిందికి దిగుతోందో తెలియని గరగర ఒకటి తలంతా నిండింది. యంత్రం పీకి పారేద్దామనిపించింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

కాసేపటికి ఆ మోతలో ఒక విషయం తెలిసింది. అది మొదలవుతోంది, ఆగుతోంది. ఎక్కడ ఆయన రొమ్ము పైకి లేస్తే అక్కడ ఆగుతోంది. ఎక్కడ బుగ్గలు పొంగితే అక్కడ మొదలవుతోంది. చెవులు పోయిన ఈ ఏడేళ్లలో మొదటిసారి ఆమెకు కంటికి కనపడిందీ చెవికి వినపడిందీ ఒకటయ్యాయి. అనుపల్లవి రెండో పాదం సగంలో మీరావలి ఆగాడు. మోతా ఆగింది. తర్వాత చిన్న చప్పుడు, దగ్గు. తర్వాత ఏమీ లేదు.

"ఎట్టుంది?" అన్నాడు ఆయన, మాట కూడబలుక్కుని.

మూడేళ్లుగా ఈ ప్రశ్నకు ఆమె దగ్గర ఒకే జవాబు ఉండేది. ఆ జవాబు ఇప్పుడు నోట్లోంచి రాలేదు.

"ఘోరంగా ఉంది నాయనా. రాగం తెలియట్లేదు. నువ్వని ముందే తెలియకపోతే అది నాదస్వరమని కూడా అనుకోను."

మీరావలి ముఖం మీద ఎప్పుడూ లేని శ్రద్ధ వచ్చింది. "ఊపిరి ఎక్కడెక్కడ తీశా?"

"పల్లవి రెండో సంగతికి ముందొకటి. మూడో సంగతిలో రెండు. అనుపల్లవి ఎత్తుకునే ముందు పెద్దది. తర్వాత ప్రతి నాలుగు అక్షరాలకూ తీశావు. రెండో పాదం సగంలో ఇక తీయలేకపోయావు. ఆపేసి దగ్గావు."

"దగ్గు కూడానా?"

"దగ్గు కూడా."

ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. వాటిని తుడుచుకోకుండానే నవ్వాడు. "వాడు అనుపల్లవి మొత్తం ఒక్క ఊపిరిన లాగేవాడు. నేనూ లాగేవాణ్ణి. అప్పుడు మా నాయనకే తెలిసేది గాదు ఎవరం ఎవరమో." ముక్కు గొట్టం సర్దుకున్నాడు. "ఇప్పుడు తెలుస్తది. అయితే ఇయ్యాల నువ్వు ఇన్నది నన్నే."

"నిన్నే నాయనా."

చరణం కూడా వినిపించాలని ఆయన పట్టు. శనివారం సాయంత్రం వాయించాడు, ఆదివారం రెండుసార్లు వాయించాడు. ప్రతిసారీ ఆ సగం పాదం దగ్గరే ఆగిపోయాడు. నాలుగు స్వరాలు దాటితే మిగతాది సులువని, కష్టమంతా అక్కడొక్కచోటేనని తనలో తను అనుకున్నాడు. ఆదివారం చీకటి పడేసరికి నాదస్వరం ఎత్తడానికి చేతుల్లో సత్తువ లేకపోయింది. సైదాబీ దాన్ని ఆయన పెదవుల దాకా ఎత్తి పట్టుకుంది. గాలి అందులోకి వెళ్లలేదు.

సోమవారం పదింటికి సమీక్ష గడువు తీరింది. సంఖ్య తనంతట తాను తిరిగి వచ్చేసింది.

"వాడొచ్చేశాడా?" అన్నాడు మీరావలి కళ్లు తెరవకుండా.

"వచ్చేశాడు."

"చరణం ఎట్టా వాయిస్తాడు?"

జోడు విడిపోయాక తమ్ముణ్ణి గురించి ఆయన అడిగిన మొదటి మాట అది. 

"నీలాగే."

"నాలాగే ఉంటది," అన్నాడు. గురువారం పొద్దున పోయాడు.

*

రుక్మాంగదరావు మట్టికి వచ్చాడు. ఏమీ అడగలేదు. నెల తర్వాత సంఖ్యల్ని సమీక్షలో పెట్టే అధికారం సైదాబీ నుంచి తీసేసి, మిగతా ఉద్యోగం ఉండనిచ్చాడు. బాపట్ల పాపకు ఇప్పుడు బాగానే వినపడుతోందని ఆయనే ఒకరోజు చెప్పాడు.

213406 పక్కన తండ్రి పేరు కూడా చేర్చమని ఆమె అర్జీ పెట్టుకుంది. ధ్వని లేని పేరు చేర్చరాదన్న నియమం ఉందని జవాబు వచ్చింది. ఆ నియమం కింద పాత సంతకాల్లో ఆమెదీ ఒకటి. తండ్రి ఇంట్లో వాయిస్తుండగా ఫోనులో తీసుకున్న ముక్కలు నాలుగున్నాయి. వాటిని తెరిచినప్పుడల్లా యంత్రం చటుక్కున పోల్చుకుని లాల్‌సాహెబ్‌ను వినిపిస్తుంది. నిండుగా, ఆయాసం లేకుండా, కృతి మొత్తం. తండ్రి ఊపిరి తీసిన చోట్ల కూడా బాబాయి ఆగకుండా వాయిస్తూ పోతాడు. ఆ నాలుగు ముక్కలూ పరాయివాళ్లందరికీ వినపడతాయి. ఆమెకే వినపడవు. ఏ రోజున ఏడవకూడదనుకుంటుందో ఆ రోజున వాటిని తెరవదు.

కోవెల్లో మేలుకొలుపు సేవకు ఇప్పుడు చిలకలూరిపేట నుంచి కుర్రజోడు ఒకటి వస్తోంది. శుక్రవారాలు సైదాబీ వెళ్లి మండపంలో ఒక మూల కూర్చుంటుంది. వాళ్లు బిలహరి ఎత్తుకోగానే చెవిలో బాబాయి మొదలవుతాడు. పల్లవి వింటుంది. సంగతులన్నీ వింటుంది. అనుపల్లవి మొదటి పాదం కూడా వింటుంది. రెండో పాదం సగానికి వచ్చేసరికి చెవి వెనక నుంచి యంత్రం తీసి గుప్పిట్లో పట్టుకుంటుంది. పక్కన కూర్చున్నవాళ్లు వింతగా చూస్తారు. బాగుండలేదేమో అనుకుని కుర్రవాళ్లు కూడా ఒకసారి ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఆమె మాత్రం లేచిపోదు. ఆపైన మిగిలిన కృతి ఎంతసేపు నడిస్తే అంతసేపూ, ఏమీ వినపడని ఆ నిశ్శబ్దంలో, కళ్లు తెరుచుకుని కూర్చుంటుంది.